కరెంటు పోయి వచ్చాక ఇంటి ఆటోమేషన్ లేవడం లేదా? గోడ సాకెట్ నుంచి మొదలుపెట్టి వరుసగా చూసుకోవాల్సినవి

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కొమ్మ విరిగి తీగల మీద పడడం, ఫీడర్ ట్రిప్ కావడం, గంటకో రెండు గంటలకో కరెంటు రావడం మామూలే. ఆ రాత్రే ప్రశ్నలు మొదలవుతాయి. యాప్‌లో అన్నీ ‘ఆఫ్‌లైన్’ అంటోంది. హాల్లో బల్బులు అర్ధరాత్రి వాటంతటవే వెలిగాయి. పొద్దున ఐదింటికి ఆన్ కావాల్సిన మోటారు కాలేదు. చివరికి అందరూ అడిగేది ఒకటే: కంట్రోలర్ పోయినట్టేనా, కొత్తది కొనాలా?

చాలాసార్లు అది పోదు. కరెంటు కోత చేసే నష్టం కన్నా, కరెంటు వచ్చిన మొదటి అరగంటలో కంగారుగా నొక్కే రీసెట్ బటన్ చేసే నష్టమే ఎక్కువ. గోడ సాకెట్‌తో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ దాటుకుంటూ వెళ్తే తప్పు ఎక్కడుందో గంటలోపే తెలిసిపోతుంది.

రాస్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీదో, మినీ పీసీ మీదో హోమ్ అసిస్టెంట్ (ఇంటి పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నవాళ్ల కోసం ఇది రాశాం. ఆ కంప్యూటరే ఇక్కడ కంట్రోలర్. కంపెనీ హబ్ ఉన్నవాళ్లు 6, 9 భాగాలు వదిలేసి మిగతావి యథాతథంగా పాటించవచ్చు.

1. ముందు పది నిమిషాలు దేన్నీ ముట్టుకోవద్దు

అపార్ట్‌మెంట్‌లో కరెంటు ఒకసారి పోయిందంటే మీ పరికరాలకు అది ఒక్కసారి పోయినట్టు కాదు. లైన్ కరెంటు పోతుంది, అది మొదటి దెబ్బ. కాసేపటికి జనరేటర్ అందుకుంటుంది. లైన్ కరెంటు తిరిగి రాగానే మీటర్ దగ్గరి ఏసీసీఎల్ (లైన్, జనరేటర్ల మధ్య మార్చే, జనరేటర్ మీద లోడు హద్దు దాటితే ఆపే డబ్బా) మళ్లీ అటు మారుస్తుంది, అది రెండోది.

జనరేటర్ మీద ఉన్నప్పుడు గీజరో ఐరన్ బాక్సో ఆన్‌లో ఉంటే ఏసీసీఎల్ ఓవర్‌లోడ్ అని ఆపేస్తుంది, కొన్ని సెకన్లాగి మళ్లీ ఇస్తుంది, మళ్లీ ఆపుతుంది. ఇలా నిమిషంలో నాలుగైదు సార్లు పోయి రావచ్చు. కంట్రోలర్ సగం లేచేలోపే మళ్లీ పడిపోతుంది.

అందుకే మొదట వాచ్‌మన్‌కి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: “జనరేటర్ ఆపేశారా? లైన్ కరెంటు వచ్చి ఎంతసేపైంది?” లైన్ కరెంటు నిలకడగా పది నిమిషాలు ఉన్నాకే తర్వాతి మెట్టు.

ఈ పది నిమిషాల్లో చేయకూడనివి:

- హబ్ వెనక సూదిరంధ్రంలో పిన్ను గుచ్చి ఫ్యాక్టరీ రీసెట్ చేయడం.
- యాప్‌లోంచి ‘ఆఫ్‌లైన్’ పరికరాలను తీసేయడం.
- బల్బు వెలగలేదని గోడ స్విచ్ టపటపా కొట్టడం. ఐకియా ట్రాడ్‌ఫ్రీ లాంటి బల్బులు వరుసగా ఆరుసార్లు ఆఫ్-ఆన్ చేస్తే రీసెట్ అవుతాయి. ఏసీసీఎల్ ఇప్పటికే మూడుసార్లు కొట్టి ఉంటే, మిగతా మూడూ మీరే పూర్తిచేసినట్టు.
- కంట్రోలర్ ప్లగ్గు పీకి పెట్టడం. లోపల డేటాబేస్ సరిచూసుకుంటూ ఉండవచ్చు.

2. చేతికి అందేలా ఉంచుకోవాల్సినవి

- డిజిటల్ మల్టీమీటర్. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే చవక మీటరు ఈ పనికి చాలు.
- సరిగా పనిచేస్తుందని తెలిసిన అడాప్టర్ ఒకటి. రాస్‌బెరీ పై 4 అయితే 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు. పై 5 అయితే 5.1 వోల్టులు, 5 ఆంపియర్లు.
- ల్యాన్ కేబుల్, రెండు మీటర్లు.
- ల్యాప్‌టాప్, మెమరీ కార్డు రీడర్, 32 జీబీ ఖాళీ కార్డు.
- మినీ పీసీ ఉంటే సీఆర్2032 బటన్ బ్యాటరీ.
- రూటర్ పాస్‌వర్డ్, బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ కీ. ఇవి కాగితం మీద ఉండాలి. కంట్రోలర్‌లోనే దాచుకున్న కీ కంట్రోలర్ పడిపోయిన రోజున దొరకదు.

3. గోడలోంచి వచ్చేది సరైన కరెంటేనా?

డీబీ (ఇంటి ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) తలుపు తెరిచి ముందు ఎంసీబీలు చూడండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ట్రిప్ అయితే ఒక్కసారి పైకి ఎత్తండి. వెంటనే మళ్లీ పడితే ఇంకోసారి ప్రయత్నించొద్దు. ఎర్త్ లీకేజీ ఉన్నట్టే, ఎలక్ట్రీషియన్ రావాలి. వాన పడ్డాక బాల్కనీ లైటు, గేటు లైటు, మేడ మీది మోటారు బోర్డులోకి చెమ్మ దిగి ఇలా జరగడం ఎక్కువ.

తర్వాత కంట్రోలర్ ఉన్న సాకెట్ దగ్గర మీటరు పెట్టండి. చవక మీటర్లలో ఏసీ వైపు రెండే గడులుంటాయి, 200, 750. ముల్లు 750 మీదికి తిప్పాలి. ఎర్ర తీగ కరెంటు కొలిచే 10 ఆంపియర్ల రంధ్రంలో ఉంటే తీసి వోల్టుల రంధ్రంలోకి మార్చండి. అలాగే సాకెట్‌లో పెడితే షార్టయి మీటరు చేతిలోనే పేలుతుంది. తెలియకుండా చేసే తప్పుల్లో ఇదే అన్నిటికన్నా ప్రమాదం.

మూడు కొలతలు తీసుకోండి:

- ఫేజ్, న్యూట్రల్ మధ్య: 230 దరిదాపుల్లో. నియమం ప్రకారం 216 నుంచి 244.
- ఫేజ్, ఎర్త్ మధ్య: దాదాపు అంతే.
- న్యూట్రల్, ఎర్త్ మధ్య: రెండు మూడు వోల్టులకు మించకూడదు.

ఫేజ్-న్యూట్రల్ 270 దాటినా, ఒక గదిలో లైట్లు కళ్లు చెదిరేలా వెలుగుతూ ఇంకో గదిలో మసకబారినా, న్యూట్రల్ తెగిందని అనుమానించండి. మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ తెగితే మన 230 వోల్టుల సామానుకు 400 దాకా రావచ్చు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మెయిన్ స్విచ్ దించేయండి. తర్వాత 1912కి ఫోన్ చేయండి. బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు అడుగుతారు, ఫోన్లో ముందే ఫొటో తీసి పెట్టుకోండి. సరఫరా సరిచేసి, కొలిచి చూసేదాకా ఈ గైడ్‌లో ముందుకు వెళ్లొద్దు.

న్యూట్రల్-ఎర్త్ మధ్య పదీ ఇరవై వోల్టులు కనిపిస్తే ఎర్తింగ్ బాగాలేదు. కంట్రోలర్ ఈ పూటకి పనిచేస్తుంది. కానీ ఎర్త్ సరిగా లేని ఇంట్లో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టినా దండగే, అందుకే ఎర్త్ పిట్ సంగతి వాయిదా వేయకండి.

4. అడాప్టర్: ఎక్కువసార్లు దొంగ ఇదే

ఎక్కువ వోల్టేజి వచ్చినప్పుడు మొదట దెబ్బతినేది అడాప్టర్. మంచి అడాప్టర్ తాను చచ్చి లోపలి బోర్డును కాపాడుతుంది. ఇబ్బందల్లా అది పూర్తిగా చావనప్పుడే. లోపలి కెపాసిటర్ ఉబ్బి, లైటు మాత్రం వెలుగుతూ, లోడు పడగానే వోల్టేజి జారిపోతుంది. చూసేవాళ్లు “కరెంటు వస్తోంది కదా, కంట్రోలరే పోయింది” అనుకుంటారు.

ముందు ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. కమిలిన వాసనో, చేప కుళ్లిన లాంటి వాసనో వస్తే మీటరు కూడా అక్కర్లేదు, పక్కన పడేయండి. చేత్తో పట్టుకుంటే కాలేంత వేడిగా ఉన్నా, సన్నగా కీచుమంటున్నా అదే తీర్పు.

వాసన లేకపోతే కొలవండి. మీటరు డీసీ 20 గడి మీద పెట్టాలి. రూటర్ తరహా గుండ్రటి పిన్ను అయితే ఎర్ర తీగ లోపలి రంధ్రంలోకి, నల్ల తీగ బయటి గొట్టానికి. 12 వోల్టుల అడాప్టర్ లోడు లేకుండా 12.1 చూపిస్తుంది, అది చూసి సంబరపడొద్దు. లోడు ఉన్నప్పటి కొలతే అసలైనది. రాస్‌బెరీ పై నడుస్తుండగా పిన్నుల వరసలో 5 వోల్టుల పిన్ను (రెండోది), గ్రౌండ్ పిన్ను (ఆరోది) మధ్య జాగ్రత్తగా కొలిస్తే 4.8 పైన ఉండాలి. మీటరు మొన జారి పక్క పిన్ను తగిలితే బోర్డు పోతుంది. చెయ్యి వణికేవాళ్లు ఈ కొలత మానేసి, మంచి అడాప్టర్ మార్చి చూడడమే మేలు.

పై 4కి బోర్డే ఒక గుర్తు ఇస్తుంది. వోల్టేజి 4.63 కన్నా తగ్గగానే ఎర్ర లైటు ఆరిపోతుంది. ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోందంటే అడాప్టరో, కేబులో అని తేలిపోయినట్టే. ఫోన్ చార్జర్‌తో సరిపెట్టుకునేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. చార్జర్ మీద 65 వాట్లు అని రాసి ఉన్నా, అది తొమ్మిది, ఇరవై వోల్టుల దగ్గర ఇచ్చే శక్తి. 5 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవండి.

5. ఇంటర్నెట్ డబ్బా, రూటర్, ఆ తర్వాతే కంట్రోలర్

లేవాల్సిన వరుస ఇది: ఫైబర్ డబ్బా, రూటర్, మధ్యలో స్విచ్ ఉంటే అది, చివరికి కంట్రోలర్. అన్నీ ఒకేసారి లేస్తే కంట్రోలరే ముందు సిద్ధమై రూటర్ కోసం వెతుకుతుంది. దొరక్కపోతే కొన్ని సేవలు తప్పు స్థితిలోనే ఆగిపోతాయి.

చేయాల్సింది:

- కంట్రోలర్‌ని యాప్‌లోంచో, దాని పేజీలోంచో పద్ధతిగా షట్‌డౌన్ చేయండి. పేజీయే తెరుచుకోకపోతే, పచ్చ లైటు ఆగాగి మిణకడం పూర్తిగా నిలిచాక ప్లగ్గు తీయండి.
- ఫైబర్ డబ్బా, రూటర్ ఆపి ముప్పై సెకన్లు ఆగండి.
- ఫైబర్ డబ్బా ఆన్ చేసి ఎదురుచూడండి. ‘లాస్’ (LOS) అన్న చోట ఎర్ర లైటు ఉంటే ఫైబర్ తెగింది, లేదా ఏరియాలోని స్విచ్‌కి కరెంటు లేదు. దానికి ఇంట్లో చేసేదేమీ లేదు. ఇంటర్నెట్ లేకపోయినా ఇంట్లోని నెట్‌వర్క్‌తో మిగతా మెట్లు దాటవచ్చు.
- రూటర్ ఆన్ చేసి మూడు నిమిషాలు ఆగండి. ఫోన్‌కి వైఫై అందాకే కంట్రోలర్ ప్లగ్గు పెట్టండి.

ఇక్కడ రెండు తిరకాసులున్నాయి.

మొదటిది ఐపీ అడ్రస్. రూటర్ మళ్లీ లేచినప్పుడు కంట్రోలర్‌కి నిన్న ఇచ్చిన అడ్రస్ ఇవ్వకపోవచ్చు. మీరు బుక్‌మార్క్‌లో పెట్టుకున్న పాత అడ్రస్ కొడితే పేజీ రాదు, కంట్రోలర్ పోయిందనుకుంటారు. రూటర్ పేజీలో ‘కనెక్ట్ అయిన పరికరాలు’ జాబితా తెరిచి కంట్రోలర్ కొత్త అడ్రస్ చూడండి, దాని పక్కన పోర్టు 8123 చేర్చి తెరవండి. తెరుచుకుంటే ఆ అడ్రస్‌ని అక్కడికక్కడే డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో (ఒక పరికరానికి ఎప్పుడూ ఒకే అడ్రస్ ఇచ్చే రూటర్ సెట్టింగ్) స్థిరం చేసేయండి. వైఫై స్విచ్‌లను అడ్రస్‌తో కలిపి ఉంటే వాటికీ ఇదే పని చేయాలి.

రెండోది ఎవరికీ తట్టదు. రూటర్‌లో వైఫై చానల్ ‘ఆటో’లో ఉంటే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది కొత్త చానల్ ఎంచుకోవచ్చు. బల్బులు, సెన్సర్లు కంట్రోలర్‌తో మాట్లాడే జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతి కూడా వైఫైలా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది. నిన్నటిదాకా ఖాళీగా ఉన్న చోటికి ఇవాళ మీ సొంత వైఫైయే వచ్చి కూర్చుంటే సెన్సర్లు ఒక్కొక్కటే జారిపోతాయి. మణికొండ, కూకట్‌పల్లి లాంటి చోట్ల ఒక్కో టవర్‌లో వందల రూటర్లు ఒకేసారి లేచి చానళ్లు వెతుక్కుంటాయి, అక్కడ ఇది ఇంకా ఎక్కువ.

అంకెలు చూసి మోసపోకండి. జిగ్‌బీ 11, వైఫై 11 ఒకటి కావు. జిగ్‌బీ 11 ఉండేది వైఫై 1 దగ్గర. అందుకని మీ జిగ్‌బీ 11లో ఉంటే వైఫైని 11లో స్థిరం చేయండి. జిగ్‌బీ 20లోనో 25లోనో ఉంటే వైఫైని 1లో పెట్టండి. మార్చాల్సింది వైఫై చానలే. జిగ్‌బీ చానల్ మారిస్తే కొన్ని పరికరాలను మళ్లీ జత చేయాల్సి రావచ్చు.

6. కంట్రోలర్ లేస్తోందా, మధ్యలో ఆగుతోందా?

ప్లగ్గు పెట్టాక పది నిమిషాలు గడియారం చూసి ఆగండి. పేజీ రాకపోతే వైఫైని వదిలి ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కలపండి. ల్యాన్ పోర్టు దగ్గర లైట్లు మిణుకుతున్నాయంటే బోర్డు బతికే ఉంది.

రాస్‌బెరీ పై 4లో పచ్చ లైటు చెప్పేవి:

- అసలు వెలగడం లేదు: కార్డు చదవడం లేదు, లేదా బోర్డుకే దెబ్బ.
- నాలుగుసార్లు మిణికి ఆగి, మళ్లీ నాలుగు: కార్డు కనిపించింది, బూట్ ఫైలు దొరకలేదు.
- ఏడుసార్లు మిణికి ఆగుతోంది: కెర్నల్ ఫైలు దొరకలేదు.
- క్రమం లేకుండా మిణుకుతోంది: చదువుతోంది, ఇంకా ఆగండి.

మొదటి మూడింట్లో ఏది కనిపించినా కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టండి. విండోస్ ‘ఫార్మాట్ చేయాలా’ అని అడుగుతుంది, వద్దనండి. ఆ కార్డులోని లినక్స్ భాగాలు విండోస్‌కి అర్థం కావు కాబట్టి అది అలాగే అడుగుతుంది. అక్కడ ‘సరే’ నొక్కితే మొత్తం పోతుంది. మరమ్మతుకు ముందు కార్డు మొత్తాన్ని ఇమేజ్‌గా (యథాతథ నకలుగా) ల్యాప్‌టాప్‌లోకి తీసుకోండి. ఇమేజ్ తీయడం మధ్యలోనే తప్పు చూపిస్తే కార్డు భౌతికంగా పోయింది. దాన్ని బాగుచేసే ప్రయత్నం మాని 9వ భాగానికి వెళ్లండి.

మెమరీ కార్డు ఎందుకు పోతుందంటే, హోమ్ అసిస్టెంట్ సెన్సర్ల చరిత్రని మామూలుగా ఐదు సెకన్లకోసారి రాస్తూనే ఉంటుంది. రాస్తున్న క్షణంలో కరెంటు పోతే, రాస్తున్న ముక్కతోపాటు పక్కనున్న పాత డేటా కూడా దెబ్బతినవచ్చు. అది కార్డు లోపలి ఫ్లాష్ తీరు. అందుకే ఒకసారి ఇలా పోయిన కార్డుని ఫార్మాట్ చేసి మళ్లీ వాడొద్దు, ఎస్‌ఎస్‌డీకి మారిపోండి.

మినీ పీసీ అయితే కథ వేరు. బాగానే ఉంటుంది, కానీ కరెంటు వచ్చినా దానంతటది ఆన్ కాదు. బయాస్‌లో (మినీ పీసీ బోర్డు సొంత సెట్టింగుల తెర) ‘రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ అనే వరుస వెతకండి. ‘లాస్ట్ స్టేట్’ కాదు, ‘పవర్ ఆన్’ పెట్టాలి. ఈ సెట్టింగ్ పెట్టినా మళ్లీ మళ్లీ పోతోందంటే బోర్డు మీది సీఆర్2032 అయిపోయింది. మీటరు మీద 3 వోల్టులు ఉండాల్సింది 2.7 కన్నా తక్కువ చూపిస్తే మార్చండి. మూడు నాలుగేళ్ల సెకండ్ హ్యాండ్ మినీ పీసీలు కొన్నవాళ్లు దీన్నే ముందు చూడాలి.

పేజీ వచ్చి, చరిత్ర గ్రాఫులు మాత్రం ఖాళీగా ఉంటే బెంగపడొద్దు. డేటాబేస్ దెబ్బతిన్నదని గ్రహించి హోమ్ అసిస్టెంట్ పాత ఫైలు పేరు చివర ‘కరప్ట్’ అని చేర్చి, కొత్తది మొదలుపెట్టింది. పోయింది చరిత్రే. ఆటోమేషన్లు వేరే ఫైళ్లలో ఉంటాయి, అవి క్షేమం. ఆ పాత ఫైలు కొన్ని జీబీలు ఉండొచ్చు, అన్నీ కుదుటపడ్డాక తీసేయండి, లేకపోతే చోటు చాలక మళ్లీ ఆగిపోతుంది.

ఇక గడియారం. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఇంటర్నెట్ వచ్చాకే సరైన సమయం తెచ్చుకుంటుంది. కరెంటు వచ్చి ఇంటర్నెట్ రాని రాత్రుల్లో దాని లెక్కలో ఇంకా నిన్న సాయంత్రమే. మంజీరా నీళ్లు వచ్చే వేళకి సంపు మోటారు టైమరు పెట్టుకున్నవాళ్లకు ఇది తగిలే చోటు. సెట్టింగుల్లో సమయం చూసి, తప్పుంటే ఇంటర్నెట్ వచ్చేదాకా ఆ ఆటోమేషన్లని ఆపి ఉంచండి. పై 5లో గడియారం ఉంది, దానికి చిన్న బ్యాటరీ విడిగా కొని తగిలిస్తే చాలు.

7. జిగ్‌బీ పరికరాలు: ఓపికే మందు

కంట్రోలర్ పేజీ వచ్చింది, పరికరాలు సగం ‘అందుబాటులో లేవు’. ఇక్కడే చాలామంది అన్నీ తీసేసి కొత్తగా జత చేయడం మొదలుపెట్టి రెండు రోజులు పోగొట్టుకుంటారు. జిగ్‌బీ డాంగిల్ (కంట్రోలర్ యూఎస్‌బీ పోర్టుకి గుచ్చే జిగ్‌బీ రేడియో) తన నెట్‌వర్క్ వివరాలను తన సొంత మెమరీలోనే ఉంచుకుంటుంది, కరెంటు పోతే అవి చెరిగిపోవు. పరికరాల్లోనూ అంతే.

కరెంటుతో నడిచే బల్బులు, స్విచ్ మాడ్యూళ్లు మిగతావాటికి దారి చూపించే రూటర్లు. అవన్నీ ఒకేసారి లేచి దారులు మళ్లీ వేసుకోవాలి. వాటికి అరగంట ఇవ్వండి. బ్యాటరీతో నడిచే తలుపు సెన్సర్లు, ఉష్ణోగ్రత సెన్సర్లు చాలావరకు నిద్రలో ఉండి గంటకోసారి పలకరిస్తాయి. వాటి కోసం రాత్రంతా ఆగినా తప్పులేదు. తొందరుంటే సెన్సర్ బటన్ ఒక్కసారి పొట్టిగా నొక్కి లేపండి. నొక్కి పట్టుకుంటే రీసెట్ అవుతుంది.

ఒక్క పరికరం కూడా రాకపోతే తప్పు డాంగిల్ దగ్గర ఉంది:

- డాంగిల్ తీసి ముప్పై సెకన్లాగి అదే పోర్టులో పెట్టి, జిగ్‌బీ సేవని మళ్లీ మొదలుపెట్టండి.
- సెట్టింగులో డాంగిల్ దారి (పాత్) చివర సున్నానో ఒకటో అంకె ఉందేమో చూడండి. రెండు యూఎస్‌బీ డాంగిళ్లు ఉన్నవాళ్లకు కరెంటు పోయి వచ్చాక ఆ అంకెలు తారుమారవుతాయి. సీరియల్ నంబరుతో ఉండే పొడవాటి ‘బై-ఐడీ’ దారి పెట్టుకుంటే ఈ గొడవ శాశ్వతంగా పోతుంది.
- డాంగిల్ ఎస్‌ఎస్‌డీ పక్కనే గుచ్చి ఉందా? యూఎస్‌బీ 3 పోర్టు నుంచి 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద వస్తుంది. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా జరపండి.

మరుసటి రోజుకీ ఒకటి రెండు బల్బులే రాకపోతే, ఏసీసీఎల్ తగాదాలో అవి నిజంగా రీసెట్ అయ్యాయి. వాటిని మాత్రమే మళ్లీ జత చేయండి. పాత ఎంట్రీ తీసేయకుండా జత చేస్తే పాత పేరు, ఆటోమేషన్లు అలాగే అతుక్కుంటాయి.

8. గీజరు, మోటారు, అర్ధరాత్రి వెలిగే బల్బులు

చాలా స్విచ్‌లకీ, బల్బులకీ ‘పవర్ ఆన్ బిహేవియర్’ అనే సెట్టింగ్ ఉంటుంది. కరెంటు వచ్చాక ఆఫ్‌లో ఉండాలా, ఆన్ కావాలా, పోయినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలా అన్నది అది. బల్బులకు కంపెనీ నుంచి ఎక్కువగా ‘ఆన్’ వస్తుంది. పడగ్గది లైటు రెండింటికి కళ్లలో కొట్టడానికి కారణం అదే. బల్బులకు ‘పాత స్థితి’ పెట్టండి.

గీజరుకు, మోటారుకు మాత్రం ‘ఆఫ్’ తప్ప మరొకటి వద్దు. పొద్దున గీజరు ఆన్‌లో ఉండగా కరెంటు పోతుంది, అందరూ ఆఫీసుకు వెళ్తారు, పదకొండింటికి కరెంటు వస్తుంది. ‘పాత స్థితి’ పెట్టి ఉంటే గీజరు సాయంత్రందాకా మరుగుతూనే ఉంటుంది. మోటారైతే సంపు ఎండిపోయినా తిరుగుతుంది. పైగా ఇవి ‘ఆఫ్’లో లేస్తే జనరేటర్ మీద ఏసీసీఎల్ తన్నడం కూడా చాలావరకు తగ్గుతుంది.

కర్టెన్ మోటార్లు మధ్యలో ఆగి ఉంటే హద్దులు మర్చిపోయి ఉండొచ్చు. ఒకసారి పూర్తిగా తెరిచి, పూర్తిగా మూసి చూడండి.

9. బ్యాకప్ నుంచి నిలబెట్టడం

- కొత్త ఎస్‌ఎస్‌డీ మీద హోమ్ అసిస్టెంట్ ఇమేజ్ రాసి, ల్యాన్ కేబుల్‌తో లేపండి.
- మొదటి తెరలో కొత్త ఇల్లు సృష్టించకుండా ‘బ్యాకప్ నుంచి’ ఎంచుకుని ఫైలు ఎక్కించండి, కీ ఇవ్వండి.
- పాత జిగ్‌బీ డాంగిలే వాడండి. డాంగిల్ అదే అయితే పరికరాలను మళ్లీ జత చేయాల్సిన పని లేదు.
- కొత్త బోర్డు అయితే రూటర్‌లో ఐపీ రిజర్వేషన్ మళ్లీ చేయాలి, ఎందుకంటే మ్యాక్ అడ్రస్ (బోర్డు సొంత గుర్తింపు నంబరు) మారింది.

10. వచ్చే గాలివానకి ముందే చేసిపెట్టాల్సినవి

ముందు యూపీఎస్ లెక్క చూద్దాం. ఫైబర్ డబ్బా, రూటర్, పై 4, ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిపి సుమారు 25 వాట్లు. మామూలు 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉంటుంది, అంటే 84 వాట్-అవర్లు. యూపీఎస్ సొంత ఖర్చు, నష్టాలు పోగా కొత్త బ్యాటరీ మీద గంటన్నర వస్తుంది. బ్యాటరీని మూడేళ్లకోసారి మార్చాలి. ఎండాకాలం అటక మీద పెడితే ఇంకా ముందే పోతుంది.

రూటర్ కోసం అమ్మే చిన్న డీసీ యూపీఎస్ రూటర్‌కి బాగుంటుంది, పై 4కి పనికిరాదు. దాని 5 వోల్టుల పోర్టు చాలా మోడళ్లలో 2 ఆంపియర్లే ఇస్తుంది. పెద్ద ఇన్వర్టర్ ఉన్నవాళ్లు వెనక ఉన్న స్విచ్ ‘నార్మల్’లో ఉందేమో చూడండి. ‘యూపీఎస్’ వైపు పెడితే మార్పిడి వేగంగా జరిగి కంట్రోలర్ రీస్టార్ట్ కాకుండా ఉంటుంది.

యూపీఎస్‌ని యూఎస్‌బీతో కంట్రోలర్‌కి కలిపి, బ్యాటరీ 30 శాతానికి రాగానే పద్ధతిగా షట్‌డౌన్ అయ్యేలా పెట్టుకోండి. దీనిలో ఒక మెలిక ఉంది. కంట్రోలర్ షట్‌డౌన్ అయ్యాక యూపీఎస్ ఇంకా కరెంటు ఇస్తూనే ఉండి, ఈలోపు లైన్ కరెంటు వచ్చేస్తే, కంట్రోలర్‌కి కరెంటు పోయి వచ్చినట్టే తెలియదు. అలాగే పడుకుని ఉంటుంది. షట్‌డౌన్ తర్వాత యూపీఎస్ కూడా తన అవుట్‌పుట్ కట్ చేసేలా సెట్టింగ్ పెట్టాలి.

యూపీఎస్ వద్దనుకునేవాళ్లు కనీసం ఆన్-డిలే టైమర్ రిలే ఒకటి డీబీలో పెట్టించుకోండి. కోఠి ట్రూప్ బజార్‌లో అడిగితే ఇస్తారు. మూడు నిమిషాలకు తిప్పి, కంట్రోలర్ సాకెట్‌ని దాని మీద పెట్టించాలి. కరెంటు మూడు నిమిషాలు తెగకుండా ఉంటేనే సాకెట్‌కి ఇస్తుంది. ఏసీసీఎల్ ఎన్నిసార్లు కొట్టుకున్నా కంట్రోలర్‌కి ఒక్క కోతే కనిపిస్తుంది, పైగా రూటర్ ముందే లేచి ఉంటుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. యూపీఎస్ ఉన్నవాళ్లకీ మేము మొదట చెప్పేది ఇదే.

డీబీలో టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ ఉంటే, ప్రతి ఉరుముల వాన తర్వాత దాని చిన్న కిటికీ చూడండి. పచ్చ పోయి ఎర్ర కనిపిస్తే అది తన పని చేసి అయిపోయింది, లోపలి కార్ట్రిడ్జ్ మార్చాలి.

వాన లేని ఆదివారం పొద్దున, ఇంట్లో అందరికీ చెప్పి, ఒకసారి పరీక్షించండి:

- ఆ ఉదయమే బ్యాకప్ తీసి ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశారా?
- గీజరు, మోటారు, ఏసీలు, ఫ్రిజ్ ఎంసీబీలు దించారా?
- మెయిన్ దించి ఐదు నిమిషాలాగి ఎత్తండి. ఏది ఏ నిమిషానికి లేచిందో రాసుకోండి.
- అరగంట తర్వాత యాప్ తెరవండి. రాని పరికరాల పేర్లు రాసుకోండి.
- ఫ్రిజ్, ఏసీ ఎంసీబీలు చివర్లో, కనీసం మూడు నిమిషాల తేడాతో ఎత్తండి.

ఆ నిమిషాలు రాసిన కాగితాన్ని డీబీ తలుపు లోపలివైపు అంటించండి. నిజంగా కరెంటు పోయిన రాత్రి ఇంట్లో మీరు లేకపోయినా, ఎన్ని నిమిషాలు ఆగాలో ఉన్నవాళ్లకు అది చూసి తెలుస్తుంది.